దయ్యానికి అమ్మ మాటలు

నేను మొదటిసారి దేవదూతనైనప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ ఉద్యోగం నాలుగు నిమిషాలకు మించి చేయలేదు.

గురజాల దగ్గర మా ఊరి చర్చిలో క్రిస్మస్ నాటకం. అట్టముక్కలకు మైదా జిగురు రాసి, పత్తి అతికించి రెక్కలు చేశారు. గింజలు తీయని పత్తి కాబట్టి ఆ రెక్కలు నాకంటే బరువుగా ఉన్నాయి. తెల్లటి అంగీకి మాత్రం కొత్త గుడ్డ కొనలేదు. ఎవరింట్లోనో ఉన్న తెల్ల దుప్పటి తెచ్చి, మధ్యలో చిల్లు పెట్టి, నా తల దూర్చారు. మా వైపు ఇళ్ళలో పాత దుప్పటి అంటే దానికి ఒకటే గతి: ఎండాకాలంలో ఇంటి వాడకం మిరపకాయలు అందులో మూట కట్టి అటక మీద పడేస్తారు. ఆ తరవాత ఎన్ని ఉతుకులు ఉతికినా ఘాటు పోదు. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు. నాటకం రోజున ఒక్కరికీ గుర్తు రాలేదు.

స్టేజీ మీద చేతులు చాచి, "ఓ గొల్లలారా, భీతిల్లకుడి" అనాలి. "ఓ గొల్ల" వరకు వచ్చింది. తరవాత తుమ్ము. దాని వెనక ఇంకోటి. మూడోదానికి తల మీది తగరపు కిరీటం ఊడి గొర్రెపిల్ల వేషంలో ఉన్న పిల్లాడి మీద పడింది. నేను చేతులు ఊపినకొద్దీ దుప్పటి దులిపినట్టై గొల్లలు కూడా తుమ్మడం మొదలుపెట్టారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. కళ్ళూ ముక్కూ ఏకమై నేను ఏడుస్తుంటే, ఆడవాళ్ళ వరసలోంచి మా అమ్మ లేచి, చెప్పులు విడిచి, స్టేజీ ఎక్కి, కొంగుతో నా ముక్కు గట్టిగా తుడిచింది. "భయపడమాక. నేనీడనే ఉన్నా. చెప్పు" అని దిగిపోయింది. నేను చెప్పాను. ఎవరికీ వినబడలేదు.

మరుసటి ఏడు నాటకం నేర్పే మాస్టారు నన్ను దయ్యాల్లో వేశారు. మొహానికి మసి, నడుముకు తాడు. కంఠతా పట్టే మాటల్లేవు, "నీ ఇష్టమొచ్చినట్టు అరుచుకో" అన్నారు. ఆ రోజు నేను అరిచిన అరుపులకు ముందు వరసలో చంటిపిల్లలు జడుసుకున్నారు. నాకు అంత సుఖం దేవదూతగా ఉన్నప్పుడు దొరకలేదు.

ఇప్పుడు నాకు నలభై దాటింది. నరసరావుపేటలో కోర్టు వీధిలో ఒక జిరాక్స్ షాపులో టైపింగ్ పని చేస్తాను. వకాల్తాలు, నోటీసులు, అఫిడవిట్లు. పొద్దున పదకొండు దాకా ఊపిరాడదు. జడ్జిగారు బెంచి ఎక్కాక వీధి ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలో కథలు రాస్తాను. వారానికి ఒక భాగం చొప్పున ఫోన్లో కథల యాప్‌లో పెడతాను. ప్రేమ కథలు రాయమని చాలామంది చెప్పారు, వాటికి గిరాకీ ఎక్కువట. నాకు చేతకాదు. నేను రాసేవన్నీ దేవదూతల గురించి, దయ్యాల గురించే. వాళ్ళని మా పల్నాడులో దింపి, ఏం చేస్తారో చూస్తూ కూర్చోవడం నాకు సరదా.

షాపు యజమాని ముస్లిం. నేను భాయ్ అంటాను, ఆయన చెల్లెమ్మా అంటాడు. యాప్‌లోకి పోకముందే నా కథలు చదివే మొదటి పాఠకుడు ఆయనే. చదవడానికి ఆయనకున్న అర్హత, ప్రింటరు పక్కన కూర్చోవడం. మొదటి కథ చదివి ఆయన అన్న మాట నేను మరచిపోను. "మా వాళ్ళలో ఒకో మడిసికి రెండు భుజాల మీద ఇద్దరు ఫరిష్తాలుంటారు చెల్లెమ్మా, మీ దేవదూతల్లాగా. ఒకాయన మంచి రాసుకుంటాడు, ఒకాయన చెడు రాసుకుంటాడు. అంటే మన డీటీపీ వాళ్ళే." ఆ రోజు నుంచి టైపు చేస్తున్నప్పుడు నా భుజాలు కొంచెం నిటారుగా ఉంటాయి.

పేట శివారులో మా ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే. అమ్మ ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ మిరప కోతలకు, పత్తి తీతలకు పోయింది. ఇప్పుడు చేతులు పైకి లేవవు కానీ నోటికి ఏ ఢోకా లేదు. ఆ నోటితో అమ్మ చేసే పనుల్లో మొదటిది, తెల్లవారుజామున ప్రార్థన. దాన్ని ప్రార్థన అనడానికి కొత్తవాళ్ళు కొంచెం తటపటాయిస్తారు. మంచం దిగి, గోడకు ఆనుకుని కూర్చుని, ముసుగు వేసుకుని, కరెంటాఫీసులో కంప్లయింటు ఇచ్చినట్టు మొదలుపెడుతుంది.

"ఏందయ్యా ప్రభువా, ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? ఎదురింటి వదిన మోకాలు సంగతి మొన్న చెప్పా, నిన్న చెప్పా. తగ్గలా. నీకు చానా పనులుంటయ్, కాదనను. అయినా ఒక్క మోకాలు చూట్టానికి ఎంతసేపు పడద్దయ్యా? ఇంగ నా కూతురు సంగతి. పొద్దుగూకులూ ఆ కంప్యూటర్ ముందు కూకుని కళ్ళు పోగొట్టుకుంటంది. చెప్తే ఇనదు. నువ్వు చెప్పు."

ఇలా ప్రార్థనలోనే వీధి మొత్తం తిరిగి వచ్చేది. ఎవరి కొడుక్కి జ్వరమో, ఎవరి బోరులో నీళ్ళు అడుగంటాయో, ఎవరి గేదె ఈనబోతోందో, అన్నీ. చివర్లో ఆమేన్ అన్నాక కూడా ఊరుకునేది కాదు. "ఆమేన్. రేపు మళ్ళా అడుగుతా" అనేది. నలభై ఏళ్ళుగా నాకు అలారం అదే. దుప్పట్లో కళ్ళు మూసుకుని వినడం, నవ్వుకోవడం, ఇంకో పది నిమిషాలు పడుకోవడం.

ఇక నా కొంప ముంచిన కథ సంగతి. ఒక దయ్యానికి పల్నాడులో డ్యూటీ పడుతుంది. అన్నదమ్ముల మధ్య గొడవ పెట్టడం దాని పని. తీరా వచ్చి చూస్తే, ఇక్కడ గట్టు కోసం, బోరు కోసం, పెళ్ళి బంతిలో ముందు ఎవరికి వడ్డించారన్నదాని కోసం వాళ్ళే కొట్టుకుంటున్నారు. దయ్యానికి చేయడానికి పనే లేదు. పని చూపించకపోతే పై దయ్యం ఊరుకోదు. పాపం, మాచర్ల రోడ్డులో కల్వర్టు మీద కూర్చుని పెద్ద దయ్యానికి మొరపెట్టుకుంటుంది. ఆ మొర రాస్తున్నప్పుడు నా వేళ్ళు కీబోర్డు మీద పరుగెత్తాయి. కొట్టివేత లేదు, ఆలోచన లేదు. "ఏందయ్యా దొరా, ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? నీకు చానా పనులుంటయ్, కాదనను..."

అదే కథలో ఒక దేవదూత కూడా ఉన్నాడు. ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మకు మంచి కబురు చెప్పడానికి వస్తాడు. ఆయన మాత్రం "ఓ స్త్రీ, భీతిల్లకుము, నీ మొర ఆలకింపబడియున్నది" అంటాడు. నా చిన్నప్పుడు మాస్టారు నేర్పిన మాటలే. నేనేమీ పట్టి పట్టి అలా రాయలేదు. దేవదూత అనగానే చేయి అటు పోయింది, దయ్యం అనగానే ఇటు పోయింది.

యాప్‌లో ఆ భాగానికి మంచి పేరు వచ్చింది. దయ్యం డైలాగులు అదిరాయని అందరూ రాశారు. దేవదూత గురించి ఒక్కరూ రాయలేదు. ఈ సంగతి మా చర్చి ఆడవాళ్ళకు ఎలాగో తెలిసింది. శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక, మూడు గంటలకు చర్చి వరండాలో టీ, బొరుగులు. "మీ అమ్మాయి దేవదూతల మీద కథలు రాత్తందంట గదా, చదివిచ్చకూడదా" అని అమ్మను పట్టుకున్నారు. అమ్మ మొహం ఆ రోజు చూడాలి. నేను అఫిడవిట్లు కాకుండా ఇంకేదో కూడా రాస్తానన్నది ఆమెకు అప్పటిదాకా సగమే నమ్మకం. నా పక్కనే, అందరికంటే ముందు, చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

నేను షాపు నుంచి ఒక గంట సెలవు తీసుకుని వచ్చి చదివాను. నటనతో సహా చదివాను. దయ్యం మొర దగ్గరకు వచ్చేసరికి ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. ఎదురింటి అత్త, అదే మోకాలి నొప్పి ఆమె, బొరుగులు గొంతుకు అడ్డం పడి దగ్గుతూ, అమ్మ తొడ మీద చరిచి అంది: "వదినా! ఈ దయ్యం అచ్చు నీలాగే పార్దన చేత్తందే!"

అందరూ ఇంకా నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడైనా నాకు బుర్ర వెలగాల్సింది.

మరునాడు నాకు ఆలస్యంగా మెలకువ వచ్చింది. ఎండ కిటికీలోంచి మంచం మీద పడింది. లేచి చూస్తే అమ్మ గోడకు ఆనుకుని ముసుగులో ఉంది, పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. గొంతు నొప్పేమో అనుకున్నాను. రెండో రోజు మాట వచ్చింది. అది అమ్మ మాట కాదు. "ఓ దేవా, మమ్మును..." అని ఆగింది. "కటాక్షింపుము" అంది. మళ్ళీ ఆగింది. ఆదివారం పెద్దలు మైకులో చేసే ప్రార్థనల్లోంచి గుర్తున్న ముక్కలు ఏరి తెచ్చి, ఒకదాని పక్కన ఒకటి పేరుస్తోంది. "మా యొక్క పొరుగువారి యొక్క..." అని తన మోకాలు తడుముకుంది. మోకాలి నొప్పిని ఆ భాషలో ఏమంటారో ఆమెకు తెలియలేదు. వదిలేసి, ఆమేన్ అని లేచిపోయింది. రేపు అడుగుతానని అనలేదు.

నేను దుప్పట్లోనే ఉన్నాను. నలభై ఏళ్ళు విన్న మాటల్ని నేను ఎక్కడ పెట్టానో నాకు అప్పటికి అర్థమైంది. పోనీ వేరే ఎవరి నోటనో పెట్టానా, దయ్యం నోట పెట్టాను. పైగా చర్చి వరండాలో, ఆమె పక్కనే కూర్చుని, గొంతు మార్చి చదివాను.

ఆ పొద్దున టీ ఇస్తూ అడిగాను. "అమ్మా, ఎందుకట్టా ప్రార్థన చేస్తన్నావ్?"

"ఎట్టా?"

"పుస్తకంలో మాటలు."

"ఆయనతో అట్టనే మాట్లాడాలంట గదే. నాకు సదువు లేక ఇన్నాళ్ళూ నోటికొచ్చినట్టు మాట్లాడా. నువ్వు సదువుకున్నదానివి, నీకు తెలుసు. దేవదూతలు ఎట్టా మాట్లాడతారో, దయ్యాలు ఎట్టా మాట్లాడతయ్యో రాశావు గదా."

కోపంతో అనలేదు. కోపంతో అంటే బాగుండేది, పోట్లాడుకునేవాళ్ళం, మధ్యాహ్నానికి అయిపోయేది. నిజంగానే ఒక సంగతి నేర్చుకున్నట్టు అంది. అది కథేనమ్మా, ఉత్తుత్తిదే అన్నాను. "తెలుసులే" అని గ్లాసు కడగడానికి వెళ్ళింది.

షాపులో ఆ వారం నేను చేసిన తప్పులు ఇన్నీ అన్నీ కావు. వాది పేరు ఉండాల్సిన చోట ప్రతివాది పేరు కొట్టాను. భాయ్ కేక వేయలేదు, టీ తెప్పించాడు. ఏమైందని అడిగితే మొత్తం చెప్పాను. ఆయన కథ ప్రింటు తీసి, కళ్ళజోడు పైకి నెట్టి, దేవదూత మాటలు మళ్ళీ చదివాడు.

"చెల్లెమ్మా, ఏమనుకోమాక. ఈయన మన ప్లీడరుగారి నోటీసు లాగా ఉన్నాడు. 'నీ మొర ఆలకింపబడియున్నది' అంటే ఆ ముసలామెకి ఏం అర్థమైద్ది? ఇల్లు జప్తు చేయడానికొచ్చాడేమో అనుకుని తలుపేసుకుంటది."

నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ మాట నిజం. పొద్దస్తమానం కోర్టు తెలుగు టైపు చేసి చేసి, పెద్దరికమంటే అదేననుకున్నాను. మనిషిని భయపెట్టే భాషను తీసుకెళ్ళి, భయపడవద్దని చెప్పేవాడి నోట్లో పెట్టాను.

తిరగరాద్దామని కూర్చుంటే ఒక్క వాక్యం రాలేదు. దేవదూత చేత "ఏందమ్మా, బాగున్నావా" అనిపిస్తే సంతలో కూరగాయల బేరం లాగా ఉంది. కొట్టేశాను. మాస్టారి నాటకం నా లోపల ఎంత గట్టిగా పాతుకుందో అప్పుడు తెలిసింది. నాలుగు రోజులు అలాగే పోయాయి. ఇంట్లో అమ్మ ప్రార్థన రోజురోజుకీ కురచవుతోంది. వీధి మొత్తం తిరిగి వచ్చే మనిషి, ఇప్పుడు గడప దాటడం లేదు. ఎదురింటి అత్త మోకాలికి కట్టుతో మెట్లు దిగుతుంటే నాకు మొహం చూపించబుద్ధి కాలేదు.

కోర్టుకు సెలవైన రెండో శనివారం రోజున అమ్మ వాకిట్లో కారానికి మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. నేను కూడా పీట వేసుకుని కూర్చున్నాను. గుప్పెడు తీశానో లేదో తుమ్ములు. మూడు, నాలుగు. కళ్ళ వెంట నీళ్ళు. కారం చేతులతో కళ్ళు తుడుచుకోబోతుంటే అమ్మ చటుక్కున నా మణికట్టు పట్టుకుని, కొంగు తీసి, ఎనిమిదేళ్ళప్పుడు తుడిచినట్టే ముక్కు గట్టిగా తుడిచింది. "లెగు, లోపలికి పో. నువ్వు ఎందుకూ పనికిరావు" అంది.

లోపలికి వెళ్ళి, ముక్కు ఎగబీలుస్తూనే ఫోన్లో రాశాను.

ఈసారి దేవదూత మాచర్ల రోడ్డులో ముసలమ్మ కళ్ళంలో దిగుతాడు. కళ్ళం నిండా ఆరబోసిన మిరపకాయలు. రెక్కలు ఆడించగానే ఘాటు లేస్తుంది. "ఓ స్త్రీ" అని మొదలుపెట్టి తుమ్ముతాడు. పైలోకంలో మిరప పంట లేదు, పాపం అలవాటు లేదు. తుమ్మి తుమ్మి, తెచ్చిన కబురు మరచిపోయి, నిలబడి బిత్తరచూపులు చూస్తాడు. ముసలమ్మ ఆయన రెక్కల్ని చూడదు. ముక్కును చూస్తుంది. దగ్గరకు వెళ్ళి కొంగుతో తుడుస్తుంది. "భయపడమాక నాయనా. నేనీడనే ఉన్నా. చెప్పు" అంటుంది. అప్పుడు ఆయనకు మాట వస్తుంది. తను అనాల్సిన మాట ఆమె ముందే అనేసిందని తెలిసి, ఇక ఆమె మాటల్లోనే చెబుతాడు. "అమ్మా, నువ్వు రోజూ అడిగేది ఆయన ఇంటానే ఉన్నాడు. నీ గొంతు ఇనపడకపోతే ఆయనకి తోచదంట. అడగటం మానమాక."

దయ్యానికి కోర్టు తెలుగు ఇచ్చాను. ఆ కల్వర్టు మీద కూర్చుని "సదరు గ్రామమందు ఈ అర్జీదారునికి ఎట్టి పనియు లభ్యము కాలేదు" అని పెద్ద దయ్యానికి పిటిషను పెట్టుకుంటుంది. భాయ్ అది చదివి, "ఈ కాయితం మాత్రం వీధిలో ఎవరికీ చూపియ్యమాక" అని ప్రింటరు కింద దాచేశాడు. యాప్‌లో కొందరు పాత దయ్యమే బాగుందని అలిగారు. అలిగితే అలగనీ.

తరవాతి శుక్రవారం నేనే అడిగి చదివాను. అమ్మ ఈసారి వెనక వరసలో, స్తంభం పక్కన కూర్చుంది. దేవదూత తుమ్మినప్పుడు అందరూ నవ్వారు. ముసలమ్మ ముక్కు తుడిచినప్పుడు నవ్వు ఆగింది. ఆ తరవాతి మాటలు కాగితంలో తల దూర్చి ఎలాగో పూర్తి చేశాను. ఎదురింటి అత్త కళ్ళు ఒత్తుకుంది.

ఇద్దరం ఇంటికి నడిచి వస్తున్నాం. పాలకేంద్రం మలుపు దగ్గర అమ్మ అడిగింది.

"అది ఆ నాటకం రోజుదే గదా?"

"అవునమ్మా."

"ఆ రోజు నేను కట్టింది కొత్త చీరే. ఒక్కసారి కూడా ఉతకలా. నీ చీమిడి మొత్తం దానికే." నాలుగడుగులు వేసి మళ్ళీ అంది. "దేవదూతకి చీమిడి ఏందే, సిగ్గు లేకుండా."

ఆ మాటలో కొంచెం పాత అమ్మ వినబడింది. అయినా నేను ఆశ పెట్టుకోలేదు.

మరునాడు నాకు అమ్మకంటే ముందే మెలకువ వచ్చింది. కదలకుండా పడుకున్నాను. మంచం కిర్రుమంది. ముసుగు సవరించుకున్న చప్పుడు. "ఓ దేవా, మమ్మును..." అంది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆగింది. ఎంతసేపు ఆగిందో. బయట పాలబ్బాయి సైకిల్ స్టాండు వేశాడు. అమ్మ గొంతు సవరించుకుంది.

"ఏందయ్యా ప్రభువా. పదిహేను రోజుల్నించి నీతో సరిగ్గా మాటల్లేవు. నువ్వన్నా అడగొద్దా, ఏమైందే అని? సర్లే. ముందు వదిన మోకాలు సంగతి చూడు. నేను చెప్పకపోతే ఇంగ పట్టిచ్చుకోవా నువ్వు? కట్టు కట్టుకుని తిరగతంది, చూళ్ళేకపోతన్నా..."

వీధి మొత్తం తిరిగింది. పదిహేను రోజుల బాకీ తీర్చుకోవడానికి పక్క వీధిలోకి కూడా వెళ్ళింది. దుప్పటి నోట్లో కుక్కుకుని నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను. చివరకు నా దగ్గరకు వచ్చింది.

"ఇంగ ఇది. లేచే ఉంది, దొంగనిద్ర పోతంది. దయ్యాల సంగతీ, నీ మనుషుల సంగతీ ఏందేందో రాత్తంది. తప్పులుంటే నువ్వు పట్టిచ్చుకోమాక, చిన్నపిల్ల. దాని ముక్కు సంగతి కూడా చూడు, తుమ్ములు ఇంకా తగ్గలా. ఆమేన్."

నేను చెవి మీది దుప్పటి తీశాను.

"రేపు మళ్ళా అడుగుతా."